మేక మీద నేను చెప్పిన సాక్ష్యం

ఒక ఆదివారం ఆరాధనలో, సంఘం అంతా వింటుండగా, నేను ఒక మేక మీద అబద్ధ సాక్ష్యం చెప్పాను. పొరుగువాని మీద అబద్ధ సాక్ష్యం చెప్పకూడదని సండే స్కూలు పిల్లలకు ఏళ్ల తరబడి నేర్పిందీ నేనే. పొరుగువాని మేక మీద చెప్పవచ్చా అని ఏ పిల్లా అడగలేదు. అందుకే ఆ సంగతి నేను అంత లోతుగా ఆలోచించలేదు.

మాది గోదావరిఖని. ముప్పై ఏళ్లకు పైగా బొగ్గు బావిలో పనిచేశాను, అందులో చివరి పన్నెండేళ్లు సర్దారుగా. సర్దారు అంటే షిఫ్టు మొదలయ్యే ముందు, అందరికంటే ముందుగా లోపలికి పోయి చూసి రావలసినవాడు. చేతిలో కర్ర ఉంటుంది. దానితో పైకప్పును కొట్టి చెవి పెట్టి వినాలి. గంటలా మోగితే గట్టిదని అర్థం. బోలుగా పలికితే కింద ఎవరినీ నిలబడనివ్వకూడదు. చూసిన చోట సుద్దముక్కతో తేదీ వేసి సంతకం పెట్టాలి. చూడకుండా సంతకం పెట్టడం కంటే పెద్ద పాపం మా పనిలో లేదు. సర్వీసులో నేను ఒక్కసారి కూడా అలా పెట్టలేదు. రిటైరై ఇంటికొచ్చాక పెట్టాను.

మా పెరట్లో, పక్కింటి భాయ్ ఇంటి వైపు గోడ పక్కన, ఇటుకల మీద ఒక షాబాదు బండ పరిచి ఉంటుంది. దాని మీద నా బోన్సాయ్ చెట్లు ఏడు. అందులో పెద్దది చింత. పెద్దదంటే వయసులో, ఎత్తు మూరెడు. బావి దగ్గర టోపీ దీపాలు ఇచ్చే లాంపు రూము వెనుక గోడ పగులులో వేలెడు మొక్కగా ఉన్నప్పుడు పీకి తెచ్చాను. సెల్‌ఫోనులో వీడియోలు చూసి కొమ్మలకు తీగ చుట్టడం, వేళ్లు కత్తిరించడం నేర్చుకున్నాను. ఇప్పుడు దాని కాండం ముసలి చెట్టు కాండంలాగా ముడతలు పడి ఉంటుంది. మట్టి కప్పడానికి పాత నీళ్లట్యాంకు గోడ మీది నాచు గీకి తెచ్చి, దాని మొదట్లో పచ్చగా పరిచాను.

మా సంఘంలో ఒక అవ్వకు ఈ పని నచ్చలేదు. "దేవుడు పెరుగుమన్న చెట్టును నువ్వెందుకు పెరగనిస్తలేవు బిడ్డా" అని అడిగింది. మంచి తోటమాలి కొమ్మ కత్తిరించేది చెట్టు మీద కోపంతో కాదని, ఫలించాలని కత్తిరిస్తాడని వాక్యం చూపించాను. ఆమె చింతచెట్టును కాసేపు చూసి, "మరి కాయలేవి" అంది. ఆ వాక్యం కోసం బైబిలు ఇంకా తిరగేస్తున్నాను.

ఉదయం ప్రార్థన కాగానే ఆ బండ చివర పిడికెడు నూకలు చల్లడం నా అలవాటు. ఆకాశపక్షులను పోషించేవాడు ఆయనే. అయినా ఆ పోషణలో మా ఇంటి నుంచి కూడా ఒక పిడికెడు ఉండాలని నా కోరిక. ఈ నూకల సంగతి గుర్తు పెట్టుకోండి. నేను గుర్తు పెట్టుకోలేదు.

వానాకాలం పోతున్న రోజుల్లో ఒక ఉదయం చూస్తే చింతచెట్టు మొదట్లో నాచు లేదు. మట్టి చెదిరి ఉంది. కాండం మీద బెరడు సన్నగా, దారాలు లాగినట్టు లేచి ఉంది. కొత్తగా వేసిన నాలుగు చిగుళ్లలో రెండు లేవు. మూడోది తెగి బండ మీద పడి ఉంది. తొట్టి అంచుకు నాలుగైదు తెల్లటి వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి. భాయ్ వాళ్ల మేక తెల్లది. నాకు ఇంకేమీ చూడాలనిపించలేదు.

భాయ్ మా బావిలోనే ఫిట్టరుగా చేశాడు. ఇద్దరం ఒకే బావి దుమ్ము మింగాం గానీ, అది ఆయన ఊపిరితిత్తుల్లో ఎక్కువగా మిగిలింది. మెట్లు ఎక్కితే ఆయాసం. మేకపాలతో చేసిన చాయ్ తాగితే దమ్ము కొంచెం నిలబడుతుందని ఆయన నమ్మకం. దాని కోసమే ఆ మేకను పెంచుతున్నాడు. ముందుకాళ్లు గోడ మీద పెట్టి, నములుతూ మా పెరట్లోకి చూడటం దాని రోజువారీ పని. ఆ చూపులో నాకు ఏనాడూ పశ్చాత్తాపం కనిపించలేదు.

గోడ దగ్గరకు పోయి పిలిచాను. ఇరవై ఏళ్లుగా మా మాటలన్నీ ఆ గోడ మీదనే.

"భాయ్, మీ మేక మా చింతచెట్టు తిన్నది."

"ఎప్పుడు తిన్నది సర్దార్ సాబ్? రేకుల కొట్టంల కట్టేసి ఉంటది గద."

"పొద్దుగాల ఇడుస్తవు."

"ఇడుస్త. నా కండ్ల ముందరనే తిరుగుతది. గోడ దుంకే వయసు దానికి లేదు, నాకు లేదు."

కాగితంలో పొట్లం కట్టిన వెంట్రుకలు విప్పి చూపించాను. ఆయన కళ్లద్దాలు పైకి జరిపి, వాటిని చూసి, తన గడ్డం నిమురుకున్నాడు.

"ఇవి నా గడ్డంవి గూడ కావచ్చు. నన్ను గూడ రాస్కో."

నేను నవ్వలేదు. మూరెడు చెట్టుకు పదిహేనేళ్లు పడుతుందని ఆయనకు తెలుసు. తెలిసీ జోకు వేశాడని కోపం వచ్చింది.

మా సంఘంలో పాటలు అయిపోయాక, వాక్యానికి ముందు, సాక్ష్యాలకు సమయం ఇస్తారు. ఎవరి జీవితంలో దేవుడేం చేశాడో, ఎవరికే శోధన వచ్చిందో నిలబడి చెప్పాలి. మనిషికి రెండు నిమిషాలు. పెద్దవాణ్ని కాబట్టి నేను తొమ్మిది నిమిషాలు తీసుకున్నాను. ఓపికతో పెంచిన దాన్ని ఒక్క పూటలో నాశనం చేసేవాడు ఉంటాడని, వాడు గోడ మీద నుంచి మన తోటను చూస్తూనే ఉంటాడని, తెల్లగా ఉన్నంత మాత్రాన పవిత్రం కాదని చెప్పాను. మధ్యలో స్తోత్రాలు బాగా వచ్చాయి. నేను కూర్చోబోతుంటే అయ్యగారు మైకు కొంచెం పక్కకు పెట్టి అడిగారు. ఆయన చిన్న వయసువాడు, సంఘానికి కొత్తగా వచ్చిన కాపరి.

"పెద్దాయనా, మేక అన్నారు కదా. అది నిజంగా మేకేనా, ఉపమానమా?"

"మేకే అయ్యగారు. తెల్ల మేక."

ఆయన కళ్లు మూసుకుని, నాశనం చేసే ఆ నోరు మూతపడాలని ప్రార్థించారు. అందరూ ఆమెన్ అన్నారు. మా ఆవిడ మాత్రం అనలేదు. దగ్గు వచ్చిందని ఇంటికొచ్చాక చెప్పింది.

మర్నాడు మధ్యాహ్నం భాయ్ మా ఇంటికి వచ్చాడు. గోడ దగ్గరకు కాదు, గేటు దగ్గరకు. ఇరవై ఏళ్లలో ఆయన గేటు వైపు నుంచి వచ్చింది పండుగ రోజుల్లో సేమియా గిన్నె పట్టుకునే.

"సర్దార్ సాబ్, మీరు మా మేక మీద దువా చేసిన్రంట."

"ఎవలు చెప్పిన్రు?"

"ఎవలు చెప్పుడేంది, మీ మైకు మా గల్లీ దాక వినవడ్తది."

"దానికి ఏమన్న కావాలని కాదు భాయ్. నోరు మూతపడాలని, అంతే."

"నోరే మూతపడ్డది. నిన్న పగటాల సంది గడ్డి ముడతలేదు."

నిజం చెప్పాలి. ముందు నాకు కలిగింది భయం కాదు, గర్వం. నా మోకాలి నొప్పి గురించి ఆరేళ్లుగా అడుగుతున్నాను. మేక విషయంలో ఒక్క రోజు కూడా పట్టలేదు.

"పశువుల దవాఖానల చూపెట్టిన," అన్నాడు భాయ్. "పెండ్లి అన్నం తిన్నది, కడుపు ఉబ్బిందన్నడు డాక్టరు. వెనుక గల్లీల పెండ్లి అయింది గద. మా ఇంటామె నమ్మతలేదు. దీన్ని ఈడ ఉంచితే దక్కదు అంటంది. పెద్దపల్లి అవతల మా చెల్లె ఉంటది, ఆడ ఇడిసొస్త."

"మరి నీకు పాలు?"

"పాకెట్ పాలు తాగుత. ఏం చేస్త."

అని దగ్గాడు. గేటు పట్టుకుని, దగ్గు ఆగేదాకా నిలబడ్డాడు. ఆ దగ్గు నాకు బావిలో ఉన్నప్పటి నుంచీ తెలుసు. వద్దు భాయ్, మేకను ఉంచుకో అని ఒక్క మాట అనవలసింది. "నీ ఇష్టం" అన్నాను.

మంగళవారం మేక ట్రాలీ ఆటోలో వెళ్లిపోయింది. ట్రాలీ మలుపు తిరిగేదాకా మా వైపే చూస్తూ పోయింది. గురువారం ఉదయం చూస్తే, చింత పక్క తొట్టిలో ఉన్న జువ్వి చెట్టు మొదట్లో నాచు లేదు. చింతచెట్టుకు మిగిలిన ఒక్క చిగురూ తెగిపోయింది.

మా ఆవిడ చీపురు పట్టుకుని వచ్చి నా పక్కన నిలబడింది.

"ఏందయ్య, పెద్దపల్లిల బస్సెక్కి వచ్చిందా?"

వంటింట్లోకి పోయి కారం డబ్బా తెచ్చి చెట్ల చుట్టూ చల్లాను. అలా చేయమని వీడియోలో చెప్పారు. గాలి ఎటు వీస్తుందో చూసుకోమని మాత్రం చెప్పలేదు. ఆ పూట మా ఇంట్లో కుటుంబ ప్రార్థన కన్నీళ్లతో జరిగింది. అంత భారంగా మేం చాలా కాలంగా ప్రార్థించలేదు.

అదే రోజు మా ఆవిడ స్త్రీల కూటానికని సెంటినరీ కాలనీలో వాళ్ల అక్క ఇంటికి బయలుదేరింది. రెండు పూటలా పెరడు ఊడవమని చెప్పి పోయింది. మా ఊళ్లో అది చెప్పి చేయించవలసిన పని. పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టు గనిలో మధ్యాహ్నం పేలుళ్లు జరుగుతాయి. సాయంత్రానికి ఇంటి మీద, ఆకుల మీద, ఆరేసిన బట్టల మీద సన్నటి నల్ల దుమ్ము దిగుతుంది. ఆమె ఇంట్లో ఉన్నన్నాళ్లు ఆ దుమ్ము మా బండ మీద ఒక్క పూట కూడా నిలవలేదు. నేను రెండు రోజులు చీపురు ముట్టలేదు.

శనివారం ఉదయం నూకలు చల్లబోతే, ఏటవాలుగా పడుతున్న ఎండలో బండ మీద గుర్తులు కనిపించాయి. నల్లటి పొర మీద చిన్న చిన్న అడుగులు, నాలుగేసి ఒక్కోచోట. ముందు రెండు చిన్నవి, వాటికి అటూ ఇటూ రెండు కొంచెం పొడుగైనవి. మధ్యలో అక్కడక్కడ కుంచెతో గీసినట్టు ఒక గీత. మేక గిట్ట రెండుగా చీలి ఉంటుంది. ఇక్కడ గిట్ట లేదు, వేళ్లు ఉన్నాయి.

కళ్లద్దాలు పెట్టుకుని, మోకాలి నొప్పితోనే వంగి, ఆ అడుగుల వెంట నడిచాను. అవి నూకలు చల్లే చోట మొదలయ్యాయి. అక్కడి నుంచి జువ్వికి, జువ్వి నుంచి చింతకు పోయాయి. చింత నుంచి గోడ మీదికి ఎక్కి, గోడ వెంట వరండా దాకా వచ్చి, నీళ్ల పైపు దగ్గర ఆగిపోయాయి. తల పైకెత్తి చూశాను. వరండా రేకుల కింద మేకుకు నా బావి టోపీ, అంటే హెల్మెట్టు, వేలాడుతోంది. రిటైరైన రోజు పట్టీతో తగిలించాను, బోర్లా కాదు, గిన్నెలాగా. ఆ తర్వాత దాని వైపు చూడలేదు.

మూలన ఉన్న కర్ర తెచ్చి టోపీని మెల్లగా తట్టి చెవి పెట్టాను. చాలా ఏళ్ల తర్వాత చేసిన తనిఖీ అది. బోలుగా పలకలేదు. లోపల నుంచి కిచకిచమని జవాబు వచ్చింది.

స్టూలు ఎక్కి చూశాను. టోపీ నిండా గూడు. అడుగున నా నాచు. దాని మీద నా చింతబెరడు పీచు. మా ఆవిడ కొంగు దారాలు. అన్నిటికీ పైన, పరుపులాగా, తెల్లటి మేక వెంట్రుకలు. మేక గోడకు ఒళ్లు రుద్దుకున్న చోట నుంచి ఏరుకుని, మా తొట్ల మీదుగా మోసుకొచ్చి ఉంటుంది. ఆ పరుపులో మూడు ఉడుతపిల్లలు, కళ్లు కూడా తెరవనివి. తల్లి ఉడుత గోడ మీద నిలబడి, తోక ఎగరేస్తూ, నన్ను తిడుతోంది.

ఆ టోపీ మీద నా పేరు, నంబరు తెల్ల పెయింటుతో రాసి ఉన్నాయి.

దిగి వచ్చి, మొదటి రోజు తెగిపడిన చిగురును వెతికి తీశాను. దాన్ని అప్పుడు చెత్తలో వేయకుండా కిటికీలో పెట్టుకుని ఉన్నాను, కోపం చల్లారకుండా ఉండాలని. ఇప్పుడు చూస్తే తెగిన చోట నున్నగా, ఏటవాలుగా ఉంది, ఉలితో కోసినట్టు. మేకకు ముందు పైపళ్లు ఉండవు. అది కొరకదు, పట్టి లాగుతుంది, కొమ్మ చీలుతుంది. పైగా మేక వచ్చి ఉంటే నాచు కాదు, ఆకు పోవాలి. చింతాకు నిండుగా ఉంది. చిన్నప్పుడు మా నాయన మేకలు కాసినవాణ్ని నేను. ఇవన్నీ నాకు తెలిసినవే. కర్రతో ఒక్కసారి తట్టకుండా సంతకం పెట్టాను. ఉడుతను రోజూ నూకలు పెట్టి పిలిచిందీ నేనే.

సాయంత్రం మా ఆవిడ వచ్చింది. స్టూలు ఎక్కి టోపీలోకి చూసింది. దిగి, "ఇప్పుడేం చేస్తవ్?" అంది.

"భాయ్‌కి చెప్త."

"మైకుల తిట్టినవు. గోడ కాడ గుసగుస చెప్తవా?"

ఆ వారం స్త్రీల కూటంలో ఏం బోధించారో నాకు తెలియదు గానీ, ఆమె బాగా విని వచ్చినట్టుంది.

ఆదివారం సాక్ష్యాల సమయంలో లేచాను. అయ్యగారు నన్ను చూసి గడియారం చూశారు. నేను రెండు నిమిషాల్లోనే ముగించాను. మేక తప్పు చేయలేదని, చేసింది ఉడుత అని, అబద్ధం చెప్పింది నేనని, మా పక్కింటి భాయ్ నన్ను క్షమించాలని మైకు నోటికి దగ్గరగా పెట్టుకుని చెప్పాను. స్తోత్రాలు రాలేదు. వెనుక నుంచి అవ్వ అడిగింది.

"మరి మనం ప్రార్థన చేస్తే మేక తిండెందుకు మానింది బిడ్డా?"

"పెండ్లి అన్నం తిన్నదంట అవ్వా," అన్నారు అయ్యగారు. డాక్టరు మాట అప్పటికే గల్లీ అంతా పాకింది.

తర్వాత, మేక నోరు మళ్లీ తెరవాలని సంఘం ప్రార్థించింది. ఈసారి మా ఆవిడ ఆమెన్ అంది, మైకు అవసరం లేకుండా.

ఇంటికి వచ్చేసరికి భాయ్ గోడ దగ్గర ఉన్నాడు. గేటు దగ్గర కాదు. అది చూడగానే నా గుండె సగం తేలికైంది.

"విన్న సర్దార్ సాబ్. గల్లీ అంత విన్నది. మా మేక ఇజ్జత్ నిలవెట్టిన్రు గని, పాపం ఉడుతది తీసిన్రు."

"మాఫ్ చెయ్యి భాయ్. నడువు, ఇయ్యాలనే పోయి తీస్కొద్దాం."

పెద్దపల్లి దాకా బస్సులో, అక్కడి నుంచి వాళ్ల చెల్లెలి ఊరికి షేర్ ఆటోలో పోయాం. మేక బాగుంది. మా ఊళ్లో కంటే లావైంది. మూడో రోజు నుంచే మామూలుగా తింటోందట. నన్ను చూసి గుర్తుపట్టింది, నమలడం ఆపింది. తిరుగు ప్రయాణంలో ఆటో వెనుక సీట్లో ఒక చివర నేను, మధ్యలో భాయ్, ఇంకో చివర ఒక ఆమె, మా ముగ్గురి ఒళ్లో మేక. తల నా వైపు వచ్చింది.

"అమ్మనీక తీస్కపోతున్నరా కాక?" అని ఆమె అడిగింది.

"లేదమ్మ. మాఫీ అడుగనీక."

ఆమె మిగతా దారంతా కిటికీ వైపు జరిగి కూర్చుంది. ఆటోకు కిటికీ లేదు కాబట్టి దాదాపు బయటే కూర్చుంది.

ఉడుత అందుకోకుండా చెట్ల మీద పెట్టే పంజరం లెక్క భాయ్ దారిలోనే వేశాడు. ఫిట్టరు బుర్ర ఎక్కడ ఉన్నా పనిచేస్తుంది. ఇనుప చట్రం, దానికి వేలు కూడా దూరని సన్నకన్ను జాలీ, ముందు వైపు మడతబందుల తలుపు. నూకలు ఇక బండ మీద వద్దు, బట్టలుతికే రాయి దగ్గర చల్లాలి. తొట్లలో నాచుకు బదులు సన్నకంకర పరవాలి. టోపీ పక్కన కొబ్బరిపీచు కట్టి వేలాడదీస్తే తల్లి ఉడుత గూటికి అదే తీసుకుంటుంది, బెరడు జోలికి రాదు. పిల్లలు ఎగిరిపోయేదాకా టోపీ ముట్టకూడదు. ఈ చివరిది నేను చెప్పింది. మిగతావి ఆయనవి. పక్షులు ఎగురుతాయి, ఉడుతలు ఎగరవు అని కూడా ఆయనే దిద్దాడు.

ఇల్లు చేరాక మేకను ముందు మా పెరట్లోకే తోలుకురమ్మన్నాను. నా చేతితో దానికి పిడికెడు తోటకూర పెట్టాలని నా ఆశ. పెట్టాను. అది తిన్నది. మా ఆవిడ చాయ్ పెట్టడానికి లోపలికి పోయింది. భాయ్ టేపు తెచ్చాడు. బండ పొడవు ఎంత, వెడల్పు ఎంత అని మేమిద్దరం వంగి కొలుస్తున్నాం. ఆయన చెబుతుంటే నేను సుద్దముక్కతో బండ మీద రాస్తున్నాను.

వెనుక పర్రుమని చప్పుడైంది.

చింతచెట్టు పై కొమ్మ లేదు. మేక నోట్లో ఉంది. కొనాకు పెదవి బయట ఆడుతోంది. అది నన్ను చూస్తూ నెమ్మదిగా నములుతోంది, గోడ మీద నుంచి ఇన్నేళ్లు చూసినట్టే.

టేపు భాయ్ చేతిలోంచి జారి దానంతట అదే చుట్టుకుపోయింది.

"సర్దార్ సాబ్," అన్నాడు. "మల్ల ఆదివారం మైకుల చెప్తవా?"

నేను దగ్గరకు పోయి, చెట్టుకు మిగిలిన మోడు చూశాను. తెగిన చోట చీలిపోయి, పీచులు పీచులుగా ఉంది. శనివారం నుంచి జేబులోనే ఉన్న మొదటి రోజు చిగురు తీసి పక్కన పెట్టి చూశాను. రెండింటికీ పోలికే లేదు. ఎన్ని చెట్లు పోయినా ఇక నేను పొరబడను.

"చెప్ప భాయ్," అన్నాను. "చూడకుంట చెప్పిన ఒకసారి. ఇప్పుడు కండ్లార చూసిన. ఇగ చెప్ప."

వంటింటి గడపలో మా ఆవిడ చాయ్ గ్లాసులతో నిలబడి ఉంది. నవ్వుకు గ్లాసులు ఒకదానికొకటి తగిలి మోగుతున్నాయి. భాయ్‌కి కూడా నవ్వు వచ్చింది, నవ్వులోంచి దగ్గు వచ్చింది. గోడ పట్టుకుని, అది తగ్గేదాకా ఆగి, వంగి టేపు తీశాడు. మేకను కొమ్ము పట్టి గోడ దగ్గర వెనుకకాళ్ల మీద నిలబెట్టి, గిట్టల నుంచి మూతి దాకా కొలిచాడు.

"ఉడుతకని కొలిచినం గద, ఆ పంజరం చాలది," అన్నాడు. "దీన్ని గూడ రాస్కో."

రాసుకున్నాను.